బరువు రెక్క

పాత వస్తువులు బాగుచేసే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ జిగురు వాడాలి, చెదకు ఏ మందు కొట్టాలి, రంగు వెలిసిపోతే ఏం చేయాలి అని అడుగుతారు. అవన్నీ ఇప్పుడు నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. నేను మ్యూజియంలో పని చాలించేనాటికి మంచివన్న మందుల్నే ఇప్పుడు విషమంటున్నారు. కాబట్టి వాటి జోలికి పోను. ఏ ఏడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరు దండ వేశారు అన్నదీ చెప్పను. ఆ దండలు సాయంత్రానికే వాడిపోయాయి.

నాకు గట్టిగా తెలిసింది ఒక్కటే. ఈ పనిలో చెయ్యి తిరిగినవాడే ఎక్కువ నష్టం చేస్తాడు. చేతగానివాడు మహా అయితే ఒక పెచ్చు ఊడగొడతాడు. చేతనైనవాడు మొత్తం వస్తువునే మాయం చేసి దాని జాగాలో తన పనితనాన్ని నిలబెడతాడు. ఈ సంగతి నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. సిపాయిలు వచ్చి నవాబు రాజ్యం పోయిన మరుసటి ఏడు, సూర్యాపేటలో మా మేనమామ కొట్టంలో పనిచేస్తూ, జానెడు కర్రముక్క కోసం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగినప్పుడు తెలిసింది.

మామ కొట్టం

మా మామ బ్రహ్మయ్య వడ్రంగి. బండి చక్రాలు, తలుపులు చేసేది కడుపు కోసం, గుళ్లకు వాహనాలు చేసేది మనసు కోసం. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ఏ గుళ్లో గరుడ వాహనానికి రెక్క విరిగినా ఆయనకే కబురు వచ్చేది. నేను పెళ్లయినవాణ్ని, ఒక బిడ్డ తండ్రిని. అయినా ఆయన ముందు ఉలి పట్టుకుంటే బడిపిల్లవాణ్నే. "అరే సోమా, అది ఉలా గునపమా? నేల దవ్వుతున్నవా?" అనేవాడు. తిట్టు లేకుండా ఆయన నోట పని మాట వచ్చేది కాదు.

ఆయనకు రెండు పట్టింపులు ఉండేవి. ఒకటి, చేసిన ప్రతి చక్రాన్నీ ఇరుసుకు తగిలించి వట్టిగా తిప్పి చూడాలి. అది తిరిగి తిరిగి ప్రతిసారీ ఒకే వైపు కిందికి వచ్చి ఆగిందంటే ఆ వైపు బరువు ఎక్కువున్నట్టు. అప్పుడు అక్కడ కొంచెం చెక్కి, మళ్లీ తిప్పి, ఎక్కడ పడితే అక్కడ ఆగేదాకా వదలకూడదు. "ఒక్క తీరుగనే ఆగే చక్రం ఎద్దు మెడ కోస్తది" అనేవాడు.

రెండోది, దేవుడి వాహనం బాగుచేసినప్పుడు తీసేసిన పాత కట్టెను పొయ్యిలో పెట్టకూడదు, మూలన పడేయకూడదు. కొత్త గుడ్డలో చుట్టి పసుపు కుంకుమ పెట్టి పారే నీళ్లలో కలపాలి. మామూలు పనయితే మూసీలో వదిలేవాళ్లం. గొప్ప పనయితే వాడపల్లికి, మూసీ పోయి కృష్ణలో కలిసే చోటికి పంపేవాడు. రెండు పట్టింపులూ మంచివే. ఆ రెండూ కలిసే మమ్మల్ని ముంచాయి.

పల్టీల విమానం

మిర్యాలగూడలో నర్సింహారావు పంతులు అని ఒక పెద్దాయన ఉండేవారు. కోదాడ బడిలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి దిగిపోయినవారు. ఆయన కొడుకు రఘు విమానం నడపడం నేర్చుకున్నాడు. యుద్ధానికి ముందు ఒకసారి రెండంతస్తుల రెక్కల పసుపు విమానం తెచ్చి మిర్యాలగూడ పొలాల మీద ఆడించాడు. ఆకాశంలో గిరగిరా పల్టీలు కొట్టించాడు, తలకిందులుగా నడిపాడు. అది తలకిందులు కాగానే కింద ఆడవాళ్లు కొంగులు చాపారట, పిల్లగాడు జారిపడితే పట్టుకోవాలని. జనం దానికి పల్టీల విమానం అని పేరు పెట్టారు. నేను చూడలేదు. మామ చూశాడు. ఆ రోజు గురించి చెప్పేటప్పుడు ఆయన నోట ఒక్క తిట్టూ వచ్చేది కాదు.

రఘు యుద్ధంలో సామాను మోసే విమానం నడుపుతూ బర్మా దిక్కున కూలిపోయాడు. శవం కూడా రాలేదు. మిగిలింది అతను తన చేతులతో చేసిన నమూనా ఒక్కటే. బారెడు రెక్కలు, వెదురు పుల్లల మీద బిగించిన పట్టుగుడ్డ, పసుపు రంగు, తలకిందులైనప్పుడు జనానికి కనపడాలని పొట్ట కింద ఎర్ర చార, ముక్కున రెండు రెక్కల కర్ర పంకా. రాజ్యం మారకముందు గొడవల రోజుల్లో పంతులు, ఆయన బిడ్డ సుభద్ర ఇల్లు వదిలి రాజ్యం హద్దు దాటి తలదాచుకున్నారు. ఆ సమయంలో ఎవరో ఇంటి మీద పడి, దొరికింది దోచుకుని, దాన్ని మిద్దె మీది నుంచి విసిరేశారు. తిరిగొచ్చేసరికి పంతులుగారికి చూపు పోయింది, విమానానికి రెక్కలు పోయాయి.

కోదాడ బడివాళ్లు కొత్త గది కడుతూ, పంతులుగారి కొడుకు చేసిన విమానాన్ని అందులో పెడతామన్నారు. సుభద్రమ్మ దాన్ని మా దగ్గరికి తెచ్చింది. "నలుగురు సూస్తరు పెద్దయ్యా, మంచిగ చెయ్యండి" అని అప్పజెప్పి పోయింది. పంకా మాట ఆమె ఎత్తలేదు. దాన్ని ఎవరైనా ముట్టుకుంటారన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

మామ ఆ విమానాన్ని గరుడ వాహనం కింద లెక్కకట్టాడు. తలస్నానం చేసి పని మొదలుపెట్టాడు. విరిగిన పుల్లలన్నీ మార్చాడు. పంకా చూస్తే ఒక రెక్క వేరు నుంచి చీలి ఉంది. పైగా చెక్కడం వంకరటింకరగా ఉంది, ఒక రెక్క మందం, ఒక రెక్క పలచన. "పిల్లగాడు తొందరపడ్డడు" అన్నాడు. పాత టేకుతో కొత్తది చెక్కాడు. నేను ఈ కళ్లతో ఎన్నో మంచి పనులు చూశాను గానీ అలాంటిది అరుదు. వేలితో తాకితే చాలు చప్పుడు లేకుండా తిరిగేది. ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియాలి. నేను పక్కనే కూర్చుని మురిసిపోయాను.

దామరచర్ల నుంచి సాయిలు అనే బండి ఆసామి చక్రాల కోసం వచ్చి ఉన్నాడు. పాత పుల్లలు, తీగలు, చిరిగిన గుడ్డ, పాత పంకా అన్నీ మూటగట్టి, పసుపు పూసి, వాడపల్లి నీళ్లలో కలపమని అతని బండిలో పెట్టించాడు మామ.

సుభద్రమ్మ వచ్చింది

బండి పోయిన మరునాడు పొద్దున్నే సుభద్రమ్మ వచ్చింది. మామ గుడ్డ తీసి విమానం చూపించాడు. ఆమె ముఖం వెలిగింది. చుట్టూ తిరిగి రెక్కలు చూసింది, తోక చూసింది, ముక్కు దగ్గరికి రాగానే ఆగిపోయింది.

"ఇది కొత్తది గద. పాత పంకా ఏది పెద్దయ్యా?"

"పగిలిందమ్మా. దాని తాత లాంటిది చేసి పెట్టిన" అన్నాడు మామ, మెప్పు కోసం చూస్తూ.

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. "నాయినకు కండ్లు లేవు. పొద్దున్నే దాని దగ్గర కూసొని పంకాను ఒక్కసారి తిప్పుతడు. అది ఎప్పుడైనా బరువు రెక్క కిందికొచ్చే ఆగుతది. గా రెక్క అంచుకు అన్న కత్తి జారి పడ్డ గాటు ఉంటది. ఆయన చెయ్యి కింద పెట్టుకొని కాసుకుంటడు. రెక్క వచ్చి చేతిల ఆగుతది. గాటు మీద బొటనవేలు పెట్టి, ఇగ లేస్తడు. మీ దగ్గరికి తెచ్చినకాడి నుంచి చెయ్యి ఊకె ఉండలేక మంచంపట్టె తడుముతున్నడు."

మామ విమానం ముక్కు దగ్గరికి వచ్చాడు. తాను చేసిన పంకాను తిప్పాడు. అది మెత్తగా తిరిగి అడ్డంగా ఆగింది. మళ్లీ తిప్పాడు. ఈసారి ఏటవాలుగా ఆగింది. జీవితమంతా ఏది గొప్ప అనుకున్నాడో అదే ఆయన్ను వెక్కిరించింది. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

"బండి ఎంతదూరం పోయుంటది సోమా?"

"మిర్యాలగూడ దాటుతుంటది."

"పో. నీళ్లల్ల కలిస్తె మళ్ల దొరకదు. పో."

దామరచర్ల దారి

ఇప్పుడు కార్లలో తిరిగేవాళ్లకు ఆ దారి అప్పుడెట్లా ఉండేదో చెప్పినా నమ్మరు. ఊళ్లలో తుపాకులు పట్టిన రైతు దళాలున్నాయని సిపాయిలు, సిపాయిలున్నారని దళాలు. ఇద్దరి మధ్యా రోడ్డు. పొద్దున పోయినవాడు సాయంత్రం తిరిగొస్తే ఇంట్లో దిష్టి తీసేవాళ్లు. పొద్దుగూకాక రోడ్డు మీద కనపడినవాణ్ని పేరు అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. నేను అద్దె సైకిలెక్కాను. ఎవరినైనా అడగాలంటే చూపించడానికి ఉంటుందని మామ చేసిన కొత్త పంకాను సంచిలో వేసుకున్నాను.

మిర్యాలగూడలో అడిగితే చక్రాల బండి తెల్లవారకముందే దాటిందన్నారు. ఆ తర్వాత అడుగుదామంటే మనిషి లేడు. చేలల్లో జొన్న ఉంది, కోసేవాళ్లు లేరు. ఒక బావి దగ్గర ఆగితే నీళ్లు చేదుతున్న ముసలమ్మ నా ముఖం చూడకుండానే, "తాగి జల్దీ పో కొడుకా. గీడ నిలబడకు" అంది. రెండు గుక్కలు తాగి సైకిలెక్కాను.

దామరచర్ల ముందర రోడ్డుకు అడ్డంగా మొద్దు వేసి ఉంది. పక్కన డేరాలు. సాయిలు బండి అక్కడే విప్పి ఉంది. సాయిలు నేల మీద గొంతుక్కూర్చుని చేతులు తల మీద పెట్టుకున్నాడు. అతని ముందు మా మూట విప్పి పరిచారు. తీగలు, పసుపు పూసిన పుల్లలు, గుడ్డ పేలికలు. తుపాకీ పట్టుకున్న కుర్ర సిపాయి వాటిని బూటు కొసతో కదిలిస్తున్నాడు. మా ఇంట అది భక్తి. రోడ్డు మీద, తెలియనివాడి కళ్లకు, అది చేతబడో బాంబో. మూట కట్టిన మాకు ఆ ముక్క తట్టనే లేదు.

"మళ్లిపో" అని నా కాళ్లు అన్నాయి. సాయిలు తల ఎత్తి నన్ను చూశాడు. ఇంక ఎక్కడికి పోతాను?

నేను సైకిలు కింద పడేసి చేతులు పైకెత్తాను. సంచి లాక్కుని వెతికారు. కొత్త పంకా బయటికి వచ్చేసరికి కేకలు వేశారు. పట్టుకుని వాళ్ల పైఅధికారి జమేదారు ముందు నిలబెట్టారు. గడ్డం నెరిసిన పెద్దమనిషి. ఆయన బల్ల మీద పాత పంకా ఉంది. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"యే క్యా హై?" అన్నాడు, అదేమిటని.

బడిలో నేర్చుకున్న ఉర్దూ ఆ రోజు అక్కరకొచ్చింది. విమానం బొమ్మదని చెప్పాను. బొమ్మ విమానానికి పసుపు ఎందుకన్నాడు. మా ఆచారం చెప్పాను. నీళ్లలో కలపడానికి పంపి మళ్లీ ఎందుకు వెంటపడ్డావన్నాడు. ఆ ప్రశ్నకు దొంగ కూడా నాకన్నా మంచి జవాబు చెబుతాడు. రఘు గురించి, పంతులుగారి కళ్ల గురించి, గాటు గురించి చెప్పాను. చెబుతుంటే నాకే కట్టుకథలా వినిపించింది. కుర్ర సిపాయి నవ్వాడు.

జమేదారు నవ్వలేదు. డేరా గుంజకు ఉన్న మేకుకు పాత పంకా తగిలించి తిప్పాడు. అది టకటకమంటూ ఊగుతూ తిరిగి, గాటున్న రెక్క కిందికొచ్చి ఆగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అదే రెక్క. చీలిన రెక్క ఎక్కడ ఊడుతుందోనని దాని మీదే కన్నేసి ఉన్నాను. ఆయన గాటును వేలితో తడిమి, కాసేపు ఆ వేలు అక్కడే ఉంచాడు. తర్వాత కొత్తది తగిలించి తిప్పాడు. అది గాలి ఊదినంత మెత్తగా తిరుగుతుంటే ఆయన ముఖంలో చిన్నపిల్లవాడు కనిపించాడు.

తన ఊళ్లో మనవడున్నాడనీ, మంచిది తనకిచ్చి పగిలింది తీసుకుపొమ్మనీ అన్నాడు. అడిగాడో ఆజ్ఞాపించాడో నాకు తెలియదు. అది మా మామ చేతి పనుల్లోకెల్లా మేలైనది. ఆయనను అడగకుండా ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. కానీ బయట సాయిలు చేతులు ఇంకా తల మీదే ఉన్నాయి, ఎండ పడమటికి వాలుతోంది. ఇచ్చేశాను. సాయిలును కూడా వదిలారు. అతను ఎడ్లు కడుతూ, "మీ ఆచారానికి దండంరా నాయినా. ఇగ మీ కట్టె మీరే కలుపుకోండి" అన్నాడు. ఆ రాత్రి సాయిలు ఇంట్లోనే పడుకుని, తెల్లారాక బయల్దేరాను.

తప్పును కాపాడటం

"నా పంకా ఏది?" అన్నాడు మామ. చెప్పాను. తిడతాడనుకున్నాను. "ఆయన మనుమడైనా ఆడుకుంటడు" అని పాతదాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

చిక్కు అప్పుడే మొదలైంది. చీలింది పలచని రెక్క. వేరు దగ్గర వెనక నుంచి బద్ద వేసి, మేము వజ్రం అని పిలిచే జిగురుతో అతికించాడు. ఆరాక తిప్పితే పంకా అడ్డంగా ఆగింది. బద్ద బరువుతో రెండు రెక్కలూ సమానమైపోయాయి! వద్దన్నా ఆ చెయ్యి సమంగానే చేస్తుంది. "థూ, ఈ చేతులు ఇరగ" అని తనను తానే తిట్టుకున్నాడు.

బద్దను చెక్కి పలచన చేయాలి. ఎక్కువ చెక్కితే తిప్పినప్పుడు రెక్క ఊడి ఎగిరిపోతుంది. తక్కువ చెక్కితే బరువు రెక్క కిందికి రాదు. నలభై ఏళ్లుగా వంకర తీయడమే బతుకుగా ఉన్న మనిషి ఆ రోజంతా ఒక కుర్రవాడి వంకరను తిరిగి నిలబెట్టడానికి గాజుపెంకుతో గీకుతూ కూర్చున్నాడు. గీకడం, తిప్పడం, తిట్టుకోవడం. పంకా వచ్చేదాకా మా ఇంట్లోనే ఆగిపోయిన సుభద్రమ్మ గడపలో కూర్చుని చూస్తూనే ఉంది. చివరికి రెక్క సోమరిగా ఊగి కిందికి వచ్చింది. బద్ద మాత్రం కాగితంలా మిగిలింది. "ఇది ఎన్నిసార్లు ఆగుతదో నేను చెప్పలేనమ్మా" అన్నాడు మామ. ఆయన నోట అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు.

నేను మ్యూజియంలో చేరాక ఒక పైఅధికారి దగ్గర పనిచేశాను. ఆయనకు మెరుపంటే ప్రాణం. పూజల్లో మసిబారిన పాత దీపాన్ని చింతపండుతో తోమి అద్దంలా పెట్టమన్నాడు. ఆ మసి కూడా దీపమేనని నేను వాదించాను. నన్ను పెడసరపు మనిషి అన్నాడు. అనుకోనీ. గాజుపెంకు పట్టుకున్న మామ నా వెనక నిలబడి ఉన్నాడని ఆయనకేం తెలుసు?

కోదాడ బడి

విమానాన్ని గడ్డి పరిచిన బండిలో కోదాడకు తీసుకుపోయాము. కొత్త గదిలో బల్ల మీద పెట్టారు. పిల్లలు, ఊరి పెద్దలు, బందోబస్తుకు వచ్చిన సిపాయిలు గది నిండా ఉన్నారు. హెడ్‌మాస్టరు హద్దు అవతలి నుంచి వచ్చినాయన. "పంతులుగారూ, ఇలా రండి, మీ అబ్బాయి విమానం ఇక్కడే ఉంది" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

జరిగిందేదీ పంతులుగారికి తెలియదు. చెప్పొద్దని సుభద్రమ్మ మమ్మల్ని బతిమాలింది. ఆయన రెక్కలు తడిమారు. "కొత్త గుడ్డ" అన్నారు. పొట్ట కింద తడిమారు. ముక్కు దగ్గరికి వచ్చాక చెయ్యి ఆగింది. పిల్లలంతా చూస్తుండగా ఒక్కసారి తిప్పారు, గట్టిగా, మేమనుకున్నదానికన్నా చాలా గట్టిగా. టకటకమని పంకా తిరిగింది. మామ నా భుజం పట్టుకున్నాడు. గోళ్లు దిగబడ్డాయి. పంతులుగారు ఎడమచెయ్యి దోసిలిలా చేసి కింద పెట్టారు.

పంకా నెమ్మదించింది. అడ్డంగా వచ్చి ఒక్క క్షణం తటపటాయించింది. అక్కడే ఆగిపోతుందనుకున్నాను. మామ పట్టు బిగిసింది. తర్వాత బరువు రెక్క మెల్లగా వాలి, వచ్చి ఆయన చేతిలో కూర్చుంది. బొటనవేలు అంచు వెంట పాకి గాటు మీద ఆగింది.

"ఇంకా తియ్యలేదారా ఈ బరువు?" అన్నారు పంతులుగారు. "ఎన్నిసార్లు చెప్పినరా నీకు, రెండు రెక్కలు సమానం ఉండాల్నని."

సుభద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వేలు గాటు మీద నుంచి వేరు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, మామ వేసిన బద్దను పట్టుకుంది. ఎంత సన్నగా గీకినా ఆ వేళ్లకు దొరక్కుండా ఉంటుందా?

"ఇది ఎవరు చేసిండ్రు?"

మామ ముందుకెళ్లాడు. "నేనే సారూ. బ్రహ్మయ్యను. పగిలితే అతికిన."

"మీకు చక్రాలు చేసే చెయ్యి గద. బరువు ఎందుకు సరిచెయ్యలే?"

మామ చేతులు రెండూ చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. పంతులుగారు గాలిలో తడిమి ఆయన చెయ్యి పట్టుకున్నారు. కాయలు కాసిన ఆ అరచేతిని తెచ్చి గాటున్న రెక్క మీద పెట్టి, పైన తన చెయ్యి పెట్టారు.